ఎడమ కాలువ కింద నడుం నొప్పులు

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కిందున్న మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల బతుకంతా వరి చుట్టూ తిరగడం మొదలైంది. ఆయకట్టులో నాటుతో మొదలైన పని కొనుగోలు కేంద్రంలో కాంటా, మిల్లులో బస్తా, లారీ మీద లోడు దాకా సాగుతుంది. మిర్యాలగూడ ఉప్పుడు బియ్యం మిల్లులకు దేశమంతా పేరుంది. సీజన్‌లో సూర్యాపేట వ్యవసాయ మార్కెట్ ధాన్యం రాశులతో నిండిపోతుంది. హైదరాబాద్–విజయవాడ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా పోతుంది కాబట్టి లారీలు, బస్సులు, ఆటోలు నడిపేవాళ్లకూ కొదవ లేదు. మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉండనే ఉన్నాయి. ఈ పనులన్నిటి బరువూ చివరికి మనిషి నడుం మీదే పడుతుంది.

ఈ ఊళ్లలో నడుం నొప్పి గురించి వినిపించే మాటలు నాలుగైదే. డిస్క్ జరిగిందట. గుజ్జు అరిగిందట. నరం నొక్కుకుపోయిందట. ఆడవాళ్లయితే గర్భసంచి చెడిపోయిందట. కండరం పట్టేసిందనే మాట మాత్రం వినిపించేది తక్కువ. నిజానికి ఎక్కువ మందిది ఆ చివరి రకమే. ఆ ఒక్క సంగతి తెలియక స్కానింగులకు, సూదులకు, బెల్టులకు, ఒక్కోసారి ఆపరేషన్లకు కూలి డబ్బులు ఎంత పోతున్నాయో తలచుకుంటే బాధ కలుగుతుంది. నొప్పి అసలు ఎక్కడ పుడుతుంది, దేనికి తగ్గుతుంది, దేనికి తగ్గదు అన్నది వరసగా చూడాలనుకోవడానికి కారణం ఇదే.

ముందు లోకం సంగతి. 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారని, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరుతుందని ప్రపంచ వ్యాధి భారం అధ్యయనం లెక్కగట్టింది. మనిషిని పనికి దూరం చేసే కారణాల్లో దీనిదే మొదటి స్థానం. వీళ్లలో దాదాపు అందరిలోనూ ఫలానా ఎముక, ఫలానా డిస్క్ కారణమని వేలు పెట్టి చూపించడం సాధ్యం కాదని 2018లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన వరుస వ్యాసాలు తేల్చాయి. కండరం, దాన్ని పట్టుకున్న పట్టీ, చిన్న కీళ్లు కలిసి బెణికితే వచ్చే నొప్పి ఇది. వీటిలో ఏది ఎంత దెబ్బతిన్నదో ఏ యంత్రమూ విడదీసి చెప్పలేదు. వైద్యం మాత్రం అన్నిటికీ దాదాపు ఒకటే. అందుకే దీన్ని కండరాల నొప్పి అని పిలవడంలో తప్పు లేదు.

వెన్నుపూసలకు రెండు పక్కలా మెడ నుంచి కటి దాకా పొడుగాటి కండరాలు ఉంటాయి. వాటి అడుగున పూసకూ పూసకూ మధ్య అల్లుకున్న పొట్టి కండరాలు వెన్నును నిలకడగా పట్టి ఉంచుతాయి. బరువు ఎత్తినప్పుడు, ముఖ్యంగా ఎత్తుతూనే పక్కకు తిరిగినప్పుడు, వీటిలో కొన్ని పోగులు సాగి చిట్లుతాయి. చుట్టూ ఉన్న కండరాలన్నీ దెబ్బతిన్న చోటును కదలనివ్వకుండా ఒక్కసారిగా బిగుసుకుంటాయి. నడుం కలుక్కుమని, మనిషి ఒక పక్కకు ఒరిగిపోయి నిలబడేది అప్పుడే. చూసేవాళ్లకు పూస జరిగినట్టే కనిపిస్తుంది. పూస ఎక్కడికీ జరగదు. బిగుసుకున్న కండరమే మనిషిని పక్కకు లాగుతుంది. నొప్పి తగ్గినా అడుగున ఉన్న పొట్టి కండరాలు వాటంతట అవి పూర్వపు బలానికి రావని 1990ల్లో ఆస్ట్రేలియాలో ఫిజియోథెరపిస్టులు గమనించారు. ఒకసారి పట్టిన నడుం మళ్లీ మళ్లీ పట్టడానికి ఇదొక కారణం.

నాటు వేసే ఆడవాళ్ల సంగతి వేరు. వాళ్లు బరువు ఎత్తరు. అయినా సాయంత్రానికి నడుం ఎత్తలేరు. దీనికి వివరణ 1950ల్లో లండన్‌లో ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన పనిలో దొరుకుతుంది. మనిషి ముందుకు వంగుతున్నంతసేపూ వీపు కండరాలు పనిచేస్తాయి. పూర్తిగా వంగిపోయిన తర్వాత అవి మౌనంగా ఉండిపోతాయి. పైభాగం బరువంతా వెన్ను వెనకున్న పట్టీల మీద వేలాడుతుంది. గంటల తరబడి అలాగే ఉంటే ఆ పట్టీలు రోజూ పడుకునే నులకమంచం తాడులా సాగి వదులవుతాయి. తిరిగి బిగియడానికి చాలా సమయం కావాలి. అలాంటి స్థితిలో బురదలోంచి లేచి నారుకట్ట అందుకోబోయినా, ఇంటికొచ్చి నీళ్ల బిందె ఎత్తినా కండరం పట్టేస్తుంది. పొద్దున బాగానే ఉండి సాయంత్రం చిన్న పనికే నడుం పట్టుకోవడం వెనకున్న సంగతి ఇది. పత్తి ఏరేటప్పుడు, మిరప కోసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు కూడా ఇంతే. కోతలకు హార్వెస్టర్ వచ్చింది కాబట్టి కొడవలితో వంగే రోజులు తగ్గాయి. నాట్లకు ఇప్పుడు బీహార్, బెంగాల్ నుంచి మగ కూలీల ముఠాలు కూడా వస్తున్నాయి. నాటు మిషన్లు, డ్రమ్ సీడర్, వెదజల్లే పద్ధతి కొంతవరకు వ్యాపించాయి. ఖర్చు, నీళ్లు, దిగుబడుల గురించి ఈ పద్ధతుల మీద చాలా చర్చ జరుగుతుంది. నడుం గురించి మాత్రం ఎవరూ లెక్కవేయరు. వెయ్యాలి.

ఇక హమాలీలు. ఒకప్పుడు వంద కిలోలకు దగ్గరగా ఉండే గోనె బస్తాలు మోసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఇప్పుడు బియ్యం బస్తా 50 కిలోలు, సిమెంటు బస్తా 50 కిలోలు, కొనుగోలు కేంద్రాల్లో ధాన్యం సంచి 40 కిలోల తూకం. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పెద్ద మగవాడు చేత్తో మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడాలని సిఫార్సు చేసింది. ఆ లెక్కన మన బస్తాలు హద్దులోనే ఉన్నట్టు కనిపిస్తాయి. అయితే అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ 1990ల్లో వేసిన సూత్రం వేరే మాట చెబుతుంది. బరువు ఒంటికి దగ్గరగా, నడుం ఎత్తులో, మెలి తిరగకుండా, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తే మంచి పరిస్థితుల్లోనే అది 23 కిలోల దగ్గర గీత గీస్తుంది. నేల మీద నుంచి, దూరంగా పట్టుకుని, పక్కకు తిరుగుతూ, రోజుకు వందల సార్లు ఎత్తితే ఆ గీత ఇంకా కిందికి దిగుతుంది. వీపు మీద పడ్డాక బస్తా చేసే చెరుపు కొంత తక్కువే. నేల మీద నుంచి లేపే ఆ మొదటి క్షణం, లారీలోకి విసిరేటప్పుడు తిరిగే మెలిక, ఇవి రెండే ఎక్కువ నడుములను తీసుకుపోతున్నాయి.

బస్తా బరువు దైవ నిర్ణయమేమీ కాదు. 2018లో యూరియా బస్తాను 50 కిలోల నుంచి 45కు తగ్గించారు. ఎరువు వాడకం తగ్గాలని చేసిన పని అది. ఒక ఉత్తర్వుతో దేశమంతా బస్తా బరువు మారగలదని మాత్రం రుజువైంది.

డ్రైవర్ల నొప్పికి కూర్చోవడం ఒక కారణం, కుదుపు ఇంకో కారణం. ట్రాక్టరు సీటు మీద, గుంతల రోడ్డులో ఆటో మీద పైకీ కిందికీ వచ్చే అదురుకు వీపు కండరాలు క్షణక్షణం బిగుసుకుని వదులవుతూ అలిసిపోతాయి. బండి దిగగానే లోడు దించడానికి పూనుకోవడం వీళ్లు చేసే పెద్ద పొరపాటు. దిగాక అయిదు నిమిషాలు నడిచి, వెనక్కి రెండుసార్లు వంగి, ఆ తర్వాత బరువు ముట్టుకుంటే చాలా వరకు తప్పించుకోవచ్చు.

ఆడవాళ్ల నడుం నొప్పి దగ్గర మన ప్రాంతానికే ప్రత్యేకమైన విషాదం ఒకటి ఉంది. నడుం నొప్పి, తెల్లబట్ట కలిసి కనిపిస్తే గర్భసంచి తీయించుకోవడమే మార్గమన్న నమ్మకం పల్లెల్లో పాతుకుపోయింది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తొలగించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఈ రెండు రాష్ట్రాలే ముందున్నాయి. వీళ్లందరూ నడుం నొప్పికే చేయించుకున్నారని అనలేం. కానీ పొలంలో వంగి వంగి పట్టేసిన కండరం గర్భసంచి తీస్తే వదలదు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు తొందరగా గుల్లబారి, కొన్నేళ్లకు అసలైన వెన్ను జబ్బే పట్టుకోవచ్చు. లేని జబ్బుకు వైద్యం చేయించుకుని ఉన్న ఆరోగ్యాన్ని పోగొట్టుకోవడం కన్నా అన్యాయం ఏముంటుంది?

రెండో నమ్మకం మత్తుసూది గురించి. 2019–21 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశ సగటు 21.5. ఇంతమందికి వెన్నులో మత్తుసూది ఇస్తారు కాబట్టి, తర్వాత వచ్చే ప్రతి నడుం నొప్పీ ఆ సూది ఖాతాలోకే పోతుంది. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు సలపడం నిజం. ఏళ్ల తరబడి ఉండే నొప్పికి అది కారణం కాదని, వెన్నులో మత్తు తీసుకున్నవాళ్లను తీసుకోనివాళ్లతో పోల్చి చూసిన పరిశోధనలు చెప్పాయి. కాన్పులో సాగిపోయిన పొట్ట కండరాలు బలం పుంజుకోకముందే బిడ్డను ఎత్తుకోవడం, వంగి పాలివ్వడం, నిద్ర లేమి, ఇంటి చాకిరీ అసలు కారణాలు. సూదిని నిందిస్తూ కూర్చుంటే వ్యాయామం చేయాలన్న ఆలోచన రాదు. ఇందులో నష్టం అదే.

స్కానింగ్ సంగతికొస్తే, చేతిలో ఎంఆర్ఐ రిపోర్టు పట్టుకుని డిస్క్ ఉబ్బిందని భయపడేవాళ్లు 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధన గురించి తెలుసుకోవాలి. నడుం నొప్పి ఏమాత్రం లేని 98 మందికి ఎంఆర్ఐ తీస్తే సగం మందికి పైగా కనీసం ఒక డిస్క్ ఉబ్బి కనిపించింది. 2015లో మూడు వేల మందికి పైగా నొప్పి లేనివాళ్ల స్కానులను కలిపి చూసినప్పుడు, 20 ఏళ్ల వయసువాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది. 80 ఏళ్లవాళ్లలో అది 96 శాతం. జుట్టు నెరిసినట్టే డిస్కూ వయసుతో మారుతుంది. కాలులోకి మోకాలి కింది దాకా పాకే నొప్పి, తిమ్మిరి, పాదం బలహీనత ఉన్నప్పుడు ఆ రిపోర్టుకు అర్థం ఉంటుంది. నడుం దగ్గరే ఆగిన నొప్పికి మొదటి వారంలోనే స్కాన్ తీయడం వల్ల భయం తప్ప మరేమీ దొరకదు.

సూదులు అన్నిటికన్నా గట్టిగా మాట్లాడాల్సిన విషయం. “నడుము పట్టుకపోయింది సారూ, ఒక సూదేయిండ్రి, పొద్దుగాల పనికి పోవాలె” అని అడిగేవాళ్లను తప్పుపట్టలేం. ఒక పూట కూలి పోతే ఇల్లు గడవని మనిషి మాట అది. డైక్లోఫెనాక్ సూది కొన్ని గంటలు నొప్పిని అణచడం నిజమే. తిన్న తర్వాత వేసుకునే మాత్ర కూడా దాదాపు అంతే పనిచేస్తుంది. పిరుదులో తప్పు చోట గుచ్చిన సూది కాలి నరాన్నే దెబ్బతీయగలదు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగని ఒంటికి ఈ మందు రోజుల తరబడి పడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. రాబందులను చంపుతోందని పశువులకు 2006లో నిషేధించిన మందు ఇదే. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో ఒక్క డోసు సీసాలనే అమ్మాలని కేంద్రం నిబంధన పెట్టింది. సూదిలో స్టిరాయిడ్ కలిపితే నొప్పి మంత్రం వేసినట్టు తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, ముఖం నిండుగా అవుతుంది. మళ్లీ మళ్లీ తీసుకుంటే ఎముక గుల్లబారుతుంది, షుగర్ పెరుగుతుంది. పేరు లేని పొట్లాల్లో, చూర్ణాల్లో కూడా ఇదే ఉండవచ్చు. నల్లమందు జాతికి చెందిన (ఓపియాయిడ్) నొప్పి మందు ట్రమడాల్‌ను 2018లో మత్తుపదార్థాల చట్టం కిందికి తెచ్చారు. 2023లో ఆస్ట్రేలియాలో సుమారు 350 మందిపై జరిగిన పరీక్షలో కొత్తగా వచ్చిన నడుం, మెడ నొప్పులకు ఓపియాయిడ్ మందు ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేయలేదు. పారాసెటమాల్ సంగతీ అంతే అని 2014లోనే అక్కడే 1,600కు పైగా మందిపై జరిపిన పరీక్ష చెప్పింది. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే, కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు లేనివాళ్లు డాక్టరు చెప్పిన నొప్పి మాత్ర నాలుగైదు రోజులు వాడుకోవచ్చు. అంతకు మించి మందు మీద ఆశ పెట్టుకోకూడదు.

మన పెద్దవాళ్ల వైద్యంలో నిలబడేవి ఉన్నాయి, నిలబడనివి ఉన్నాయి. ఉప్పు మూట కాపడం, వావిలాకు కాపడం, వేడినీళ్ల స్నానం మొదటి రోజుల్లో నిజంగా ఉపశమనం ఇస్తాయి. వేడికి కండరం వదులవుతుంది. దీనికి పరిశోధనల మద్దతు కూడా ఉంది. చర్మం కాలకుండా చూసుకుంటే చాలు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం, హైదరాబాద్‌లో 1920 నుంచి తయారవుతున్న జిందా తిలిస్మాత్ ఇంటింటా ఉంటాయి. చర్మం మీది స్పర్శ వెన్నుపాములో నొప్పి కబురుకు అడ్డుపడుతుందని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన సిద్ధాంతం వీటి పనితీరుకు కొంతవరకు సరిపోతుంది. ఒళ్లు పట్టించుకోవడం మంచిదే. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం మీద తన్నించుకోవడం మాత్రం మానాలి. మామూలు పట్టు నాలుగు రోజుల్లో ఎలాగూ వదులుతుంది, ఆ పేరు తన్నుకు వస్తుంది. గుల్లబారిన ఎముకల ముసలమ్మకు ఆ తన్నుతో పూస విరగవచ్చు.

ఇప్పుడు అసలు మందు. 1986లో అమెరికాలో డేయో బృందం నడుం నొప్పి రోగుల్లో కొందరికి ఏడు రోజులు, కొందరికి రెండు రోజులు మంచం మీద విశ్రాంతి చెప్పింది. కోలుకోవడంలో తేడా లేదు. రెండు రోజులవాళ్లు పనికి తొందరగా వెళ్లారు. 1995లో హెల్సింకి నగర ఉద్యోగుల మీద జరిగిన పరీక్షలో, ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకున్నవాళ్లు పడుకున్నవాళ్ల కన్నా తొందరగా కోలుకున్నారు. 2024లో ఆస్ట్రేలియాలో, నడుం నొప్పి తగ్గినవాళ్లను వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట దాకా నడిచేలా తర్ఫీదు ఇస్తే వాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది. ఆ తర్ఫీదు లేనివాళ్లలో సగం మందికి 112 రోజులకే వచ్చింది. నడకకు ఖర్చు లేదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని, రోగికి విషయం వివరించి చెప్పడాన్ని, మర్దనను సమర్థించాయి. బెల్టులను, బరువులు వేలాడదీసి లాగే ట్రాక్షన్‌ను వద్దన్నాయి. మన మందుల షాపుల్లో వేలాడే నడుం బెల్టుల మీద ఇంతకన్నా స్పష్టమైన తీర్పు అక్కర్లేదు.

చేయాల్సింది ఇది. మొదటి ఒకటి రెండు రోజులు వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకుంటే కండరం సడలుతుంది. గంటకోసారి లేచి ఇంట్లోనే నాలుగడుగులు వేయాలి. మూడో రోజు నుంచి వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలిని ఛాతీకి తెచ్చుకోవడం, బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ పైకెత్తడం నెమ్మదిగా మొదలుపెట్టాలి. వంగి పనిచేసేవాళ్లకు ఈ రెండోది ముఖ్యం. నొప్పి కాలిలోకి దిగితే ఆపాలి, కాలిలోంచి నడుంలోకి వెనక్కి వస్తే మంచి గుర్తు. వారం తర్వాత వెల్లకిలా పడుకుని పిరుదులు పైకెత్తడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చేయీ కాలూ చాపడం చేయాలి. అడుగు కండరాలు బలం తిరిగి తెచ్చుకునేది వీటితోనే. నొప్పి పోయాక కూడా రోజూ పది నిమిషాలు చేస్తేనే ఫలితం. ఎక్కువ మందికి రెండు నుంచి ఆరు వారాల్లో తగ్గిపోతుంది.

కండరాల నొప్పి కాని వాటిని గుర్తుపట్టడం కూడా అంతే అవసరం. మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ తెలియకపోయినా, పాదం వేలాడిపోయినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి, గంటలు కూడా లెక్కే. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి ఉంటే వెన్ను క్షయ గురించి ఆలోచించాలి. మన దేశంలో అది అరుదైన జబ్బేమీ కాదు. పక్కటెముకల కింద మొదలై గజ్జల్లోకి అలలుగా వచ్చే నొప్పి, మూత్రంలో మంట ఉంటే మూత్రపిండాల్లో రాయి కావచ్చు. పాతికేళ్ల కుర్రాడికి పొద్దున్నే నడుం బిగుసుకుపోయి, తిరిగితే తగ్గుతుంటే కీళ్లవాతం డాక్టరుకు చూపించాలి.

ఈ ఊళ్లున్న ఉమ్మడి నల్గొండ జిల్లావాళ్లు మరచిపోకూడనిది ఫ్లోరోసిస్. 1955లోనే ఎ.హెచ్. సిద్దిఖీ ఈ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. మర్రిగూడ, మునుగోడు వైపు దీని తాకిడి ఎక్కువగా ఉండేది. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వెన్ను పట్టీలు గట్టిపడి, నడుం కొయ్యబారుతుంది. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం అందుకోలేకపోవడం, గడ్డం ఛాతీకి ఆనకపోవడం, చేతులు తల వెనక్కి చేరకపోవడం దీన్ని అనుమానించడానికి వాడే మూడు తేలిక పరీక్షలు. పాత బోరు నీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్లకు వీటిని చేసి చూడాలి.

వైద్యం ఎంత సరిగా చేసినా పని మారకపోతే నొప్పి మళ్లీ వస్తుంది. గాయం చేయగల బరువును ఏ కార్మికుడిచేతా ఎత్తించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ చెప్పింది. మిల్లు యజమానులకు, మార్కెట్ కమిటీలకు, కొనుగోలు కేంద్రాలు నడిపే మహిళా సంఘాలకు నా విన్నపం పెద్దదేమీ కాదు. కాంటా అయిన బస్తాను నేల మీద పడేయకుండా నడుం ఎత్తు బల్ల మీద నిలబెట్టండి. నడుం పట్టిన హమాలీకి రెండు వారాలు సంచులు కుట్టే పనో, కాంటా పనో ఇచ్చి కూలి ఆపకండి. నాట్లు వేయించే రైతులు ప్రతి గంటకూ అయిదు నిమిషాలు గట్టు మీద నిటారుగా నిలబడి వెనక్కి వంగే విరామం కూలీలకు ఇవ్వండి, ఆ అయిదు నిమిషాలను కూలిలో కోయకండి. వచ్చే సీజన్ కాంటాలు మొదలయ్యే లోపే ఈ మూడూ చేయవచ్చు.